గులాబీ పురుగును చంపే ‘ఆర్‌ఎన్‌ఏ పత్తి’ నిజంగా వస్తోందా? పరకాల నుంచి ఒక ప్రశ్న

పరకాల పత్తిచేను (హనుమకొండ జిల్లా)

అందరికీ నమస్కారం. మా నాన్న ఆరెకరాల్లో పత్తి వేశారు. రెండో విడత ఏరే సమయానికి కాయల్లో గులాబీ రంగు పురుగు బయటపడింది. పైకి కాయ నున్నగా, పచ్చగా ఉంటుంది. పగలగొడితే లోపల పురుగు, గింజ చుట్టూ పసుపు పట్టిన దూది. ఏరడానికి కూలి అంతే ఇవ్వాలి, ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్తే మచ్చ పత్తి అని ధర తగ్గిస్తున్నారు.

మొన్న ఊరికి ఒకాయన వచ్చి, వచ్చే వానాకాలానికి ‘ఆర్‌ఎన్‌ఏ పత్తి’ విత్తనం వస్తోందని చెప్పాడు. దాన్ని తిన్న గులాబీ పురుగు చచ్చిపోతుందట, మందు కొట్టే పనే ఉండదట. ముందుగా డబ్బు కట్టిన వాళ్లకే ప్యాకెట్లు ఇస్తారట. ఊళ్లో కొందరు కట్టడానికి సిద్ధపడ్డారు. నేను బీఎస్సీ చదువుతున్నాను. ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ గురించి మా పుస్తకంలో ఒక పేజీ ఉంది కాబట్టి అది కట్టుకథ కాదని తెలుసు. కానీ పత్తిలో, అదీ మన దగ్గర అమ్మే దశకు వచ్చిందా? నాన్న నన్నే అడుగుతున్నారు. తెలిసిన వాళ్లు చెప్పండి.

జమ్మికుంట విత్తనాలు (కరీంనగర్ జిల్లా)

అమ్మా, ఒక్క రూపాయి కూడా కట్టనివ్వకండి. నాది విత్తనాల దుకాణం. అలాంటి విత్తనం లైసెన్సు ఉన్న ఏ దుకాణానికీ రాలేదు, వస్తుందన్న సమాచారమూ లేదు. ‘బీటీ-3’ పేరుతో గడ్డిమందు తట్టుకునే పత్తిని ఇలాగే ఊళ్లలోకి తెచ్చారు. దానికి అనుమతి లేదు, బిల్లు ఉండదు. మొలక రాకపోతే అడగడానికి మనిషి ఉండడు, పరిహారం కోరడానికి కాగితం ఉండదు. ఇప్పుడు పేరు మార్చారు, అంతే.

ఆదిలాబాద్ నల్లరేగడి

మా వైపు కూడా ఈ మాట వినిపిస్తోంది. కొవిడ్ టీకాలో వాడిన ఆర్‌ఎన్‌ఏనే పత్తిలో పెట్టారని చెబుతున్నారు. నిజమేనా?

కీటకశాస్త్రం, హనుమకొండ

నేను కీటకశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. పత్తి పురుగులే నా పని. కాస్త పెద్ద సమాధానం రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు నల్లరేగడి అన్నకు. టీకాలో ఉన్నది ఒక పోగు ఆర్‌ఎన్‌ఏ. అది మన కణంలో ఒక ప్రొటీను తయారు చేయిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ చేసేది దానికి పూర్తిగా వ్యతిరేకమైన పని. అందులో ఉండేది రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ, దాని పని ఒక ప్రొటీను తయారు కాకుండా ఆపడం.

ఎలా ఆపుతుందంటే, కణంలో ఏ జన్యువు పనిచేయాలన్నా ముందు దాని నకలు ఒక ఆర్‌ఎన్‌ఏ పోగుగా బయటికి వస్తుంది. దాన్ని చదివి కణం ప్రొటీను కడుతుంది. రెండు పోగులు పెనవేసుకున్న పొడవాటి ఆర్‌ఎన్‌ఏ కణంలో కనిపిస్తే, కణం దాన్ని వైరస్ రాకగా భావిస్తుంది. డైసర్ అనే ఎంజైము దాన్ని 21 అక్షరాల (వరుసగా ఉండే రసాయన భాగాల) పొడవున్న చిన్న ముక్కలుగా కోస్తుంది. ఆర్గొనాట్ అనే ప్రొటీను ఆ ముక్కల్లో ఒకదాన్ని పట్టుకుని, దానికి సరిగ్గా జత కుదిరే జన్యువు నకలు ఎక్కడ దొరికితే అక్కడ తెంచేస్తుంది. అంటే పురుగు బతకడానికి తప్పనిసరి అయిన ఒక జన్యువును ఎంచుకుని, దాని వరుసతో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను మొక్కే తయారు చేసేలా మారిస్తే, మొక్కను తిన్న పురుగులో ఆ జన్యువు మూగబోవాలి.

1990లో పెటూనియా పూలకు ఊదా రంగు పెంచాలని అదే రంగు జన్యువును అదనంగా చేర్చితే కొన్ని పూలు తెల్లగా పూశాయి. కారణం అప్పట్లో తెలియలేదు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో ఒక చిన్న నులిపురుగులో దీని గుట్టు విప్పారు. 2006లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 2007లో రెండు బృందాలు దీన్ని మొక్కల్లోకి తెచ్చి చూపించాయి. అమెరికాలో మోన్‌శాంటో శాస్త్రవేత్తలు మొక్కజొన్న వేరు పురుగు మీద, షాంఘైలోని శాస్త్రవేత్తలు పత్తిని తినే శనగపచ్చ పురుగు మీద.

ఈ పద్ధతిలో పురుగును చంపుతూ రైతు పొలానికి చేరింది ఆ మొక్కజొన్న. వేరు పురుగులోని స్నఫ్-7 అనే జన్యువుకు గురిపెట్టిన 240 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ అందులో ఉంటుంది, దానికి తోడు బీటీ ప్రొటీన్లూ (మట్టిలోని ఒక బ్యాక్టీరియా నుంచి తీసుకున్న, పురుగును చంపే ప్రొటీన్లు) ఉంటాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2017లో అనుమతించింది, 2022 నుంచి అక్కడ అమ్ముతున్నారు. ఆ వేరు పురుగు మన దేశంలో లేదు.

ఇక పరకాల చెల్లెలి ప్రశ్న. గులాబీ పురుగు మీద పనిచేసే ఆర్‌ఎన్‌ఏ పత్తిని ప్రపంచంలో ఎక్కడా అమ్మడం లేదు. మన దేశంలో రైతులు చట్టబద్ధంగా సాగు చేస్తున్న జన్యుమార్పిడి పంట బీటీ పత్తి ఒక్కటే. కాబట్టి మీ ఊరికి వచ్చిన మనిషి చెప్పింది అబద్ధం.

శాయంపేట రైతు

మేడం గారు చెప్పింది అర్థమైంది. నాది ఒక ప్రశ్న. మొక్కజొన్న వేరు పురుగును చంపగలిగినప్పుడు మన గులాబీ పురుగును ఎందుకు చంపలేరు? 2007 నుంచి చూస్తే చాలా కాలమైంది కదా.

కీటకశాస్త్రం, హనుమకొండ

పెద్దాయనా, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. వేరు పురుగు పెంకు పురుగుల జాతికి చెందినది. పెంకు పురుగుల పేగు రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను ఇట్టే పీల్చుకుని కణాల్లోకి పంపుతుంది. అతి కొద్ది మోతాదు చాలు. మన గులాబీ పురుగు, శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు, మొక్కజొన్నలో కత్తెర పురుగు, ఇవన్నీ సీతాకోకచిలుకల జాతికి చెందిన రెక్కల పురుగుల పిల్లలు. వీటి పేగులో క్షారం ఎక్కువ. ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైములు అక్కడ కాచుకుని ఉంటాయి. వాటిని దాటి కణం లోపలికి వెళ్లినది కూడా చిన్న తిత్తుల్లో చిక్కుకుపోతుంది, డైసర్ దగ్గరకు చేరదు. రెక్కల పురుగుల మీద జరిగిన 150కి పైగా ప్రయోగాలను 2011లో ఒకచోట చేర్చి చూస్తే ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ప్రయోగశాలలో సూదితో ఎక్కిస్తే పనిచేసినది, తినిపిస్తే చాలాసార్లు పనిచేయదు. రైతుకు కావలసింది తింటే పనిచేసేది.

ఆసియా మొక్కజొన్న కాండం తొలిచే పురుగులో రెక్కల పురుగులకే ప్రత్యేకమైన అలాంటి ఒక ఎంజైమును గుర్తించారు. దాన్ని అణచివేస్తే ఆర్‌ఎన్‌ఏ ప్రభావం పెరిగింది. దారి లేదని నేను అనను. దారి ఇంకా వేస్తున్నారు.

జీవశాస్త్రం మాస్టారు (హనుమకొండ, విశ్రాంత అధ్యాపకులు)

అమ్మాయీ, చక్కగా చెప్పావు. అయితే ఒక సందేహం. రెక్కల పురుగుల పేగులో ఆర్‌ఎన్‌ఏ నిలవకపోతే, 2007లో షాంఘై వాళ్ల శనగపచ్చ పురుగు ప్రయోగం ఎలా ఫలించింది?

కీటకశాస్త్రం, హనుమకొండ

మంచి ప్రశ్న సార్. వాళ్లు పురుగును నేరుగా చంపాలని చూడలేదు. పత్తి మొక్కలో సహజంగానే గాసిపోల్ అనే విషపదార్థం ఉంటుంది. పత్తి గింజల పిండిని పశువులకు ఎక్కువగా పెట్టకూడదని మన రైతులు అంటారే, దానికి కారణం అదే. శనగపచ్చ పురుగు ఆ విషాన్ని తట్టుకోవడానికి పేగులో ఒక ఎంజైమును వాడుకుంటుంది. షాంఘై బృందం ఆ ఎంజైము జన్యువుకు గురిపెట్టింది. ఆర్‌ఎన్‌ఏ ఉన్న ఆకులు తిన్న పురుగులు గాసిపోల్‌ను తట్టుకోలేక ఎదుగుదల తగ్గి గిడసబారాయి. పేగు కణాలకు ఆర్‌ఎన్‌ఏ నేరుగా తగులుతుంది కాబట్టి కొంతైనా పనిచేసింది. ఎదుగుదల ఆగడం వేరు, చావు వేరు. చేనులో రైతు చూసేది కాయ నిలిచిందా లేదా అన్నదే.

2017లో మరో చైనా బృందం శనగపచ్చ పురుగు ఎదుగుదలను నడిపే బాల్య హార్మోను జన్యువులకు గురిపెట్టిన ఆర్‌ఎన్‌ఏను బీటీతో కలిపి పత్తిలో పెట్టింది. బీటీకి నిరోధకత వచ్చిన పురుగుల మీద కూడా ఆ కలయిక బాగా పనిచేసింది. నా అభిప్రాయంలో మన పత్తికి దీని అసలు ఉపయోగం ఈ దారిలోనే ఉంది. బీటీ పక్కన నిలబడి దాని ఆయుష్షు పెంచాలి తప్ప, దాని స్థానంలోకి రావడం కష్టం.

నర్సంపేట ఏఈవో

నేను వ్యవసాయ విస్తరణ అధికారిని. ఆర్‌ఎన్‌ఏను మొక్కలో పెట్టకుండా మందులా పిచికారీ చేయవచ్చని చదివాను. బంగాళాదుంప ఆకులు తినే కొలరాడో పెంకు పురుగు మీద లెడ్‌ప్రోనా అనే మందుకు 2023 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. రైతు వేదికలో దీని గురించి చెబితే ఒకరిద్దరు రైతులు మనకూ అలాంటిది రాదా అని అడిగారు.

కీటకశాస్త్రం, హనుమకొండ

సార్, అది కూడా పెంకు పురుగే. పైగా అది ఆకు మీద కూర్చుని తింటుంది, పిచికారీ దానికి తగులుతుంది. గులాబీ పురుగు అలా కాదు. గుడ్డు పొదిగిన కొన్ని గంటల్లోనే పిల్ల పురుగు మొగ్గలోకో కాయలోకో దూరుతుంది. దూరిన రంధ్రం కూడా పూడుకుపోతుంది. ఆ తర్వాత బయట ఏం కొట్టినా కాయ పైనే ఉండిపోతుంది. ఇప్పుడు వాడుతున్న రసాయన మందులు కూడా ఈ కారణంగానే వృథా అవుతున్నాయి.

జనగామ సేంద్రియ

ఇంతసేపూ చదివాను. అందరూ ఇది పనిచేస్తుందా లేదా అనే మాట్లాడుతున్నారు, పనిచేస్తే ఏమవుతుందని ఎవరూ అడగడం లేదు. పురుగు జన్యువును మూగబోయేలా చేసే పదార్థం తేనెటీగకు తగిలితే? చేనులో పురుగులను తినే అక్షింతల పురుగుకు తగిలితే? ఆ పత్తి గింజల నూనె మనం తింటాం, పిండి గేదె తింటుంది. 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయను ఆపింది ప్రజలు ఇలాంటి ప్రశ్నలు అడగబట్టే. పైగా ఈ జన్యు వరుసల మీద పేటెంట్లన్నీ కంపెనీలవే. విత్తనం మన చేతిలో నుంచి ఇంకా దూరం జరుగుతుంది. వేప, బదనికలు (పురుగుల గుడ్లలో పెరిగి వాటిని చంపే చిన్న కీటకాలు), మిశ్రమ పంటలు పెట్టుకున్న రైతును ఎవరూ పట్టించుకోరు, ప్రయోగశాల నుంచి వచ్చేదే విజ్ఞానం అంటారు.

కీటకశాస్త్రం, హనుమకొండ

అన్నా, మీ ప్రశ్నలు న్యాయమైనవి. ఒక్కొక్కటీ తీసుకుంటాను.

బీటీ ప్రొటీనుతో గాని, రసాయన మందుతో గాని పోలిస్తే ఆర్‌ఎన్‌ఏకు గురి ఎక్కువ. జత కుదరాలంటే కనీసం 21 అక్షరాలు వరుసగా సరిపోవాలి. అమెరికా మొక్కజొన్నలోని ఆర్‌ఎన్‌ఏను చాలా రకాల కీటకాలకు తినిపించి చూశారు. వేరు పురుగుకు, దానికి దగ్గరి చుట్టాలైన కొన్ని పెంకు పురుగులకు మాత్రమే హాని జరిగింది. తేనెటీగలకు ఏమీ కాలేదు. మట్టిలో పడిన ఆర్‌ఎన్‌ఏ రెండు రోజుల్లో చాలావరకు విచ్ఛిన్నమైపోతుంది.

మనిషి విషయానికి వస్తే, మనం తినే ప్రతి కూరలోనూ గింజలోనూ ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. కడుపులోని ఆమ్లం, ఎంజైములు దాన్ని కోసేస్తాయి. 2012లో చైనా శాస్త్రవేత్తలు బియ్యంలోని ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ తిన్నవారి రక్తంలో కనిపించిందని, అది కాలేయంలోని జన్యువును కూడా ప్రభావితం చేస్తుందని ప్రకటించారు. పెద్ద కలకలం రేగింది. 2013లో ఇతర బృందాలు అదే ప్రయోగం చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు.

అయినా ‘ఒకటి సురక్షితమని తేలింది కాబట్టి అన్నీ సురక్షితమే’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వరుస మారితే గురి మారుతుంది. మన చేలలో తిరిగే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, ట్రైకోగ్రామా బదనికల్లో మన జాతులన్నింటినీ అమెరికాలో పరీక్షించలేదు. రేపు మన కోసం ఏదైనా తయారైతే వాటి మీద, మన తేనెటీగల మీద, మన దగ్గరే పరీక్షించాలి, ఆ వివరాలు రైతులకు తెలుగులో అందాలి. దీని కోసం మీరు పోరాడితే నేనూ మీతో ఉంటాను.

పేటెంట్ల గురించి మీరన్నది నిజం. దానికి విజ్ఞానం దగ్గర జవాబు లేదు, ప్రభుత్వం దగ్గర ఉండాలి.

జమ్మికుంట విత్తనాలు

కంపెనీల మాట వచ్చింది కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. 2015లో కేంద్రం పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. బీటీ ప్యాకెట్ ధరతో పాటు కంపెనీకి వెళ్లే జన్యు రుసుమునూ ప్రభుత్వమే నిర్ణయించడం మొదలుపెట్టింది. అప్పుడు రైతుకు కొంత ఊరట కలిగింది. 2016లో గడ్డిమందు తట్టుకునే కొత్త బీటీ పత్తి దరఖాస్తును కంపెనీ వెనక్కి తీసుకుంది. అప్పటి నుంచి పత్తిలో కొత్త జన్యు లక్షణం ఏదీ అనుమతి పొంది మన మార్కెట్‌కు రాలేదు. ఆ ఖాళీలోకే బిల్లు లేని విత్తనం దూరింది. పైవాళ్లు ఎవరిని నిందించినా చివరికి నష్టపోయేది నా దుకాణం ముందు నిలబడే రైతే.

శాయంపేట రైతు

1997-98లో పత్తి పోయిన ఏడాది ఈ వరంగల్ జిల్లాలో ఏం జరిగిందో చూసినవాణ్ణి నేను. లద్దె పురుగు, పచ్చ పురుగు చేలను ఊడ్చేశాయి. మందు మీద మందు కొట్టాం, పురుగు చావలేదు. మందు కొన్న అప్పే మనుషుల్ని చంపింది. ఆ ఇళ్లలో కొన్నింటికి నేను ఇప్పటికీ వెళ్తుంటాను. జనగామ తమ్ముడు సేంద్రియం అంటే నాకు గౌరవమే. కానీ బీటీ వచ్చాక కొన్నేళ్లు పచ్చ పురుగుకు మందు కొట్టే పని తగ్గిందన్నది కూడా నిజం. ఆ తర్వాత పచ్చ దోమ, తెల్ల దోమ పెరిగాయి, ఇప్పుడు గులాబీ పురుగు.

నేను అడిగేది ఒక్కటే. 2002లో బీటీ అనుమతించారు, 2006లో రెండో బీటీ వచ్చింది. గుజరాత్‌లో మొదటి బీటీని గులాబీ పురుగు తట్టుకుందని 2010లో కంపెనీయే ఒప్పుకుంది. అంటే ఎనిమిదేళ్లు. రేపు ఆర్‌ఎన్‌ఏ పత్తి వచ్చినా పురుగు దానికీ అలవాటు పడదని ఏమిటి నమ్మకం?

కీటకశాస్త్రం, హనుమకొండ

నమ్మకం లేదు పెద్దాయనా. అలవాటు పడుతుంది. దానికి రుజువు ఇప్పటికే ఉంది.

అమెరికాలో వేరు పురుగులను ఆర్‌ఎన్‌ఏ మొక్కజొన్న మీద వరుస తరాలు పెంచి చూశారు. 2018లో వచ్చిన ఫలితం నన్ను కలవరపెట్టింది. నిరోధకత వచ్చిన పురుగుల్లో పేగు ఆర్‌ఎన్‌ఏను లోపలికి తీసుకోవడమే మానేసింది. స్నఫ్-7 కాకుండా వేరే జన్యువుకు గురిపెట్టిన ఆర్‌ఎన్‌ఏ ఇచ్చినా పనిచేయలేదు. తలుపే మూసేసుకున్న ఇంటికి తాళంచెవులు ఎన్ని మార్చినా లాభం లేనట్లే. 2021లో కొలరాడో పెంకు పురుగులోనూ ప్రయోగశాలలో 11,000 రెట్లకు పైగా నిరోధకత వచ్చింది. అయితే ఆర్‌ఎన్‌ఏను తట్టుకున్న ఆ వేరు పురుగులు బీటీకి మాత్రం లొంగాయి. రెండింటినీ కలిపి వాడాలని చెప్పడానికి ఆధారం ఇదే.

కాబట్టి ‘జన్యువు మార్చి కొత్త విత్తనం తెస్తాం’ అనే మాట ఆర్‌ఎన్‌ఏ విషయంలో చెల్లదు. మొదటిసారే జాగ్రత్తగా వాడాలి.

మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. మన పత్తి దాదాపు అంతా హైబ్రిడ్. హైబ్రిడ్ మొక్కలో బీటీ జన్యువు తల్లి, తండ్రి మొక్కల్లో ఒక్కదాని నుంచే వస్తే, దాని కాయలోని గింజలు తర్వాతి తరానివి కాబట్టి వాటిలో జన్యువులు విడిపోతాయి. ఒకే కాయలో ఒక గింజకు విషం ఉంటుంది, పక్క గింజకు ఉండదు, ఇంకోదానికి సగమే. గులాబీ పురుగు ఒక గింజ నుంచి మరో గింజకు తొలుచుకుంటూ పోతుంది. అరకొర విషం తిని బతికిన పురుగే నిరోధకత ఉన్న సంతతిని పెంచుతుంది. ఆర్‌ఎన్‌ఏను హైబ్రిడ్లలో పెట్టినా జరిగేది ఇదే. వస్తే గిస్తే అది హైబ్రిడ్ కాని సూటి రకాల్లో రావాలి, స్వల్పకాలిక రకాల్లో రావాలి. రైతు గింజ దాచుకునే వీలుండాలి.

జీవశాస్త్రం మాస్టారు

ఒక్క మాట. చైనాలో యాంగ్జీ నది లోయలో హైబ్రిడ్ పత్తి రెండో తరం గింజను రైతులు వేయడం వల్లే గులాబీ పురుగు నిరోధకత తగ్గిందని 2017లో వచ్చింది కదా. విడిపోవడం అక్కడ మేలు చేసింది, ఇక్కడ చేటు చేసిందంటావా?

కీటకశాస్త్రం, హనుమకొండ

అవును సార్, రెండూ నిజమే. అక్కడ రెండో తరం గింజను విత్తారు కాబట్టి చేనులో నాలుగో వంతు మొక్కలు పూర్తిగా బీటీ లేనివి అయ్యాయి. బీటీకి లొంగే పురుగులు వాటి మీద బతికి, నిరోధకత ఉన్న పురుగులతో జతకట్టాయి, అందువల్ల నిరోధకత పలచబడింది. మన రైతు ఏటా కొత్త హైబ్రిడ్ ప్యాకెట్ కొంటాడు. చేనులో మొక్కలు దాదాపు అన్నీ బీటీవే, విడిపోయేది కాయ లోపలి గింజల్లోనే. ఆశ్రయం కోసం, అంటే బీటీకి లొంగే పురుగులు బతకడానికి, విడిగా ఇచ్చిన 120 గ్రాముల బీటీ లేని విత్తనాన్ని వేసిన వాళ్లు అతి తక్కువ. ఇప్పుడు దాన్ని ప్యాకెట్‌లోనే కలిపి ఇస్తున్నారు.

ఆదిలాబాద్ నల్లరేగడి

అమెరికాలో మాత్రం గులాబీ పురుగు పూర్తిగా పోయిందని విన్నాను. అది ఏ విత్తనంతో సాధ్యమైంది?

నర్సంపేట ఏఈవో

అన్నా, అక్కడ విత్తనం ఒక్కటే కాదు. బీటీ పత్తి వేశారు, దానితో పాటు విమానాలతో గొడ్డు రెక్కల పురుగులను కోట్ల సంఖ్యలో వదిలారు, ఆడ పురుగు వాసన గల లింగాకర్షక ఎరలతో జతకట్టకుండా చేశారు, పంట అవగానే కట్టె దున్నేశారు. అందరు రైతులూ ఒకేసారి చేశారు. 2018 అక్టోబరులో పురుగు నిర్మూలన అయిందని ప్రకటించారు. మన దగ్గర పక్క చేను వాళ్లు మార్చి దాకా పంట ఉంచితే నా చేనులో జనవరిలో కట్టె తీసి ఏం లాభం అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నేను ఊరూరా తిరిగి సమాధానం చెబుతున్నాను. జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల ఊళ్లలో గులాబీ పురుగు ముందే కనిపిస్తుంది. మిల్లులో నిల్వ ఉన్న గింజల్లోంచి రెక్కల పురుగులు లేచి చేలకు వస్తాయి.

నెక్కొండ మిర్చి (వరంగల్ జిల్లా)

పత్తి గురించే మాట్లాడుతున్నారు, మా మిర్చి సంగతి కూడా చెప్పండి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం రాల్చేసింది. చేలు దున్నేసిన వాళ్లున్నారు. కొట్టని మందు లేదు. అది పూవులో దాక్కుంటుంది. దీని మీద ఆర్‌ఎన్‌ఏ పనిచేస్తుందా?

కీటకశాస్త్రం, హనుమకొండ

నెక్కొండ అన్నా, తామర పురుగుల మీద నాకు గులాబీ పురుగు కంటే ఎక్కువ ఆశ ఉంది. విదేశాల్లో పూలను ఆశించే ఒక తామర పురుగులో 2016లో ఆసక్తికరమైన పని జరిగింది. ఆ పురుగు పేగులో సహజంగా బతికే బ్యాక్టీరియానే మార్చి, అది లోపలే ఆర్‌ఎన్‌ఏ తయారు చేసేలా చేశారు. పిల్ల పురుగులు చనిపోయాయి. మన నల్ల తామర పురుగు వేరే జాతి. అది ఆగ్నేయాసియా నుంచి వచ్చింది, 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట గుర్తించారు. దాని మీద విడిగా పని జరగాలి. మిర్చి మొక్కలోకి కొత్త జన్యువును చేర్చడం పత్తి కంటే చాలా కష్టం. కాబట్టి మిర్చికి వస్తే పిచికారీ రూపంలోనే ముందు రావచ్చు. పూవులోకి అది ఎంత చేరుతుందన్నదే అసలు పరీక్ష.

పురుగు మందుల అవశేషాల వల్ల మన మిర్చి ఎగుమతికి ఇబ్బంది పడుతున్నప్పుడు, రెండు రోజుల్లో విచ్ఛిన్నమయ్యే మందు ఎంత విలువైనదో మీకు నేను చెప్పనక్కరలేదు.

తెల్ల దోమ ద్వారా వ్యాపించి మిర్చిలో ఆకుముడత తెచ్చే జెమిని వైరస్ విషయంలో దారి ఇంకా స్పష్టంగా ఉంది. అదే కుటుంబానికి చెందిన వైరస్, అదే తెల్ల దోమ వల్ల, బ్రెజిల్‌లో చిక్కుడు పంటను నాశనం చేసేది. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎంబ్రాపా ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్‌తో వైరస్‌ను తట్టుకునే చిక్కుడును తయారు చేస్తే 2011లో అనుమతి వచ్చింది. ఆ పని చేసింది కంపెనీ కాదు, ప్రభుత్వ సంస్థ. జనగామ అన్న అడిగిన పేటెంట్ల ప్రశ్నకు నేను చూపగల ఉదాహరణ ఇది.

జీవశాస్త్రం మాస్టారు

అంత దూరం ఎందుకమ్మా, పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఉంది కదా. వేరుశనగలో అఫ్లాటాక్సిన్ విషం తయారు చేసే శిలీంధ్రం జన్యువులకు గురిపెట్టి ఆర్‌ఎన్‌ఏతో ఆ విషాన్ని బాగా తగ్గించినట్లు 2018లో ప్రచురించారు. లక్నోలో తెల్ల దోమ మీద 2014లో పొగాకు మొక్కలో చేసి చూపించారు. మన దేశంలో చేయగల మనుషులున్నారు, సంస్థలున్నాయి. ప్రయోగశాల నుంచి పొలానికి తెచ్చే ఓపికా, డబ్బూ ప్రభుత్వం పెట్టాలి. జన్యుమార్పిడి ఆవాలకు 2022లో అనుమతి ఇచ్చి, ఆ వ్యవహారం సుప్రీంకోర్టులో ఉండిపోయింది. 2024లో ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పిచ్చారు. ఇలా నడిస్తే యువ పరిశోధకులు ఏ ధైర్యంతో ఈ రంగంలో ఉంటారు?

జనగామ సేంద్రియ

మాస్టారు గారూ, కోర్టు ఆపింది తొందరపాటును, పరిశోధనను కాదు. బ్రెజిల్ లాగా ప్రభుత్వ సంస్థ చేసి, పరీక్షల వివరాలన్నీ బయట పెట్టి, గింజ రైతు దాచుకునేలా ఇస్తే కూర్చుని మాట్లాడటానికి నాకు అభ్యంతరం లేదు. అప్పటి వరకు నా చేనులో నేను వేసుకునే అలసంద, జొన్న అంచులు నాకు చాలు. అక్షింతల పురుగులు వాటి మీదే పెరుగుతున్నాయి. ఎవరికైనా చూడాలని ఉంటే రండి.

పరకాల పత్తిచేను

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మొత్తం నాన్నకు చదివి వినిపించాను. పేగులో ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుందన్నది ఆయనకు వెంటనే అర్థమైంది. డబ్బు కట్టబోయిన వాళ్లలో నలుగురిని ఇంటికి పిలిచి మళ్లీ చదివించారు. ముగ్గురు కట్టము అన్నారు, ఒకాయన అప్పటికే కట్టేశాడు. ఆయన ఏం చేయాలి?

ఏఈవో గారూ, మా చేనులో ఇంకో విడత ఏరడానికి కాయలున్నాయి. బోరు నీళ్లున్నాయి కాబట్టి ఉంచుదామని నాన్న అనుకున్నారు. ఉంచాలా, తీసేయాలా?

జమ్మికుంట విత్తనాలు

డబ్బు ఫోను ద్వారా పంపి ఉంటే ఆ రుజువు, వచ్చిన మనిషి ఫోను నంబరు, అతను ఇచ్చిన కాగితం ఏదున్నా తీసుకుని మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వమనండి. పోలీసు స్టేషన్‌లో కూడా ఇవ్వాలి. విత్తనం చేతికి వచ్చే దాకా ఆగితే ఆ మనిషి దొరకడు.

నర్సంపేట ఏఈవో

అమ్మా, ముందు లెక్క చూడండి. ఎకరానికి 20 పచ్చి కాయలు, పది నుంచి పద్నాలుగు రోజుల వయసున్నవి, చేనులో అక్కడక్కడా కోసి పగలగొట్టండి. రెండు కాయల్లో పురుగు కనిపిస్తే పది శాతం, అంటే హద్దు దాటినట్లే. లింగాకర్షక బుట్టలు ఉంటే వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడినా అంతే. హద్దు దాటిందని తేలితే నీళ్లు పెట్టి పొడిగించకండి. విచ్చిన పత్తి ఏరుకుని, గొర్రెల మందను దింపండి, మిగిలిన పచ్చి కాయలు అవి తింటాయి. ఆ తర్వాత కట్టెను యంత్రంతో ముక్కలు చేసి దున్నేయండి. గట్టు మీద కుప్పగా మాత్రం వేయవద్దు. పురుగు ఆ కట్టెలోని ఎండు కాయల్లో నిద్రావస్థలో ఉండి వచ్చే పంటకు లేస్తుంది.

పరకాల పత్తిచేను

పొద్దున నాన్న, నేను వెళ్లి కోశాం. మొదటి ఎకరంలో 20 కాయల్లో ఏడింటిలో పురుగు ఉంది. రెండు కాయల్లో గింజలు ఒకదానికొకటి అతుక్కుపోయి, మధ్యలో గులాబీ చారలున్న పురుగు ముడుచుకుని ఉంది. మిగతా ఎకరాలు కూడా చూస్తున్నాం. ఆదివారం గొర్రెల వాళ్లతో మాట్లాడతామని నాన్న అన్నారు. పక్క చేను వాళ్లనూ పిలిచి కాయలు పగలగొట్టి చూపించబోతున్నాం. కట్టె ముక్కలు చేసే యంత్రం మన పరకాల వైపు అద్దెకు ఎవరి దగ్గర దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.

శాయంపేట రైతు

మా ఊరి సంఘం దగ్గర ఒకటి ఉంది. సోమవారం మా చేలలో పని అయిపోతుంది, మంగళవారం మీ ఊరికి పంపుతాం. డీజిల్, డ్రైవరు కూలి మీరు చూసుకోండి. పక్క చేను వాళ్లవి కూడా అదే రోజు చేయించండి.